గుంటూరు డాక్టరమ్మ కుగ్లర్

గుంటూరు, ఆ చుట్టుపట్ల పెరిగిన పాత తరం వారిలో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని వారు అరుదు. ఆ పేరు గల మనిషిని గూర్చి మాత్రం నేటి పిల్లలకు అంతగా తెలియదు. మనుమలకు, మనుమరాండ్రకు చెప్పదగిన జీవితం ఆమెది.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. ఆడవారు డాక్టరు చదువు చదవడమే వింతగా తోచే ఆ రోజుల్లో, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టం పుచ్చుకున్నారు. స్వదేశంలోనే ఉద్యోగం చేసుకుంటుండగా గుంటూరు లూథరన్ మిషనరీ ఒకరు ఆమెకు ఉత్తరం వ్రాశారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించుకోని ఘోషా స్త్రీలు ఇక్కడ వైద్యం అందక చనిపోతున్నారని దాని సారాంశం.

ఆమె వస్తానన్నారు. కాని వైద్యసేవకు తాము ఇంకా సిద్ధంగా లేమని అక్కడి లూథరన్ మహిళా సంఘం వారన్నారు. ముస్లిం స్త్రీలకు ఇళ్ళలో చదువు చెప్పే పనికి మాత్రం పంపగలమన్నారు. ఆమె దానికీ ఒప్పుకుని, మందులు, పరికరాలు వెంట పెట్టుకుని 1883లో గుంటూరు చేరారు. పగలు చదువు చెబుతూనే, పిలిచిన ఇంటికల్లా వెళ్ళి వైద్యం చేశారు. 1885లో గాని సంఘం వారు ఆమెను వైద్యురాలిగా నియమించలేదు.

మొదట్లో ఆమెకు ఎదురైన అవమానాలు తక్కువేమీ కాదు. పరాయి మతస్థురాలు తాకితే మైల అని కొన్ని ఇళ్ళలో దూరంగా నిలబెట్టేవారు. ఆమె నొచ్చుకుని వెనుదిరగలేదు. కాన్పు కష్టమైన తల్లి బతికి బిడ్డ కేరుమన్న ఇంట్లో ఆ పట్టింపులు క్రమంగా సడలిపోయాయి.

సెలవుపై స్వదేశం వెళ్ళినపుడు ఆమె ఆసుపత్రి నిర్మాణానికి విరాళాలు కూడగట్టారు. అక్కడి చర్చిల స్త్రీలు పంపిన ఆ సొమ్ముతో 1893లో గుంటూరులో డిస్పెన్సరీ, 1898లో ఆసుపత్రి వెలిశాయి. స్థానిక క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలకు నర్సు శిక్షణ లభించింది. ఆసుపత్రిలో ప్రార్థనలు జరిగేవి. వైద్యం మాత్రం హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఒక్కటే.

ఏలూరు జమీందారు భుజంగరావు గారి కుటుంబానికి ఆమె చేసిన వైద్యం గుంటూరులో చాలాకాలం చెప్పుకున్నారు. కృతజ్ఞతగా ఆయన రోగుల వెంట వచ్చే బంధువుల కోసం ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. ఆయన తన మతంలోనే ఉన్నారు, ఆమె తన మతంలోనే ఉన్నారు; పల్లెల నుండి బండి కట్టుకుని వచ్చినవారికి తలదాచుకునే చోటు దొరికింది.

ప్రభుత్వం వారు ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించారు. 1928లో ఆమె ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా వ్రాశారు. 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూశారు. తరువాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

మనలో ముప్ఫై, ముప్ఫైఐదేళ్ళ సర్వీసు చేసినవారున్నారు. ఆమె సర్వీసు నలభై ఆరేళ్ళ పైమాటే, అదీ కన్నవారికి, పుట్టిన ఊరికి దూరంగా. చదువు చెప్పమని పంపిస్తే, ఊరికి ఏమి కావాలో చూసి ఆ పని కూడా నెత్తిన వేసుకున్న మనిషి. మన పేటలోని గుడి, చర్చి, మసీదు ఏదైనా సరే, ఆ చుట్టుపక్కల ఎవరికి ఏమి కరువైందో ముందు కనుక్కుంటే ఆమెను స్మరించినట్లే.