మమకారానికి లెక్క కట్టిన హాల్డేన్

మునేటి ఒడ్డున వెలసిన ఊరు పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ గోపయ్యల దాంపత్యాన్ని దైవంగా కొలిచే క్షేత్రమది. వేసవిలో ఇసుక తిన్నెల నడుమ సన్నగా పారే ఆ ఏరు వానకాలంలో ఉగ్రరూపం దాల్చుతుంది. అట్టి వరదలో ఒక పసివాడు కొట్టుకొనిపోతున్నాడనుకొందాము. గట్టు మీద నిలిచినవాడు ప్రాణానికి తెగించి దూకుతాడా? బిడ్డ కన్నకొడుకైతే ఒక తీరుగా, పినతండ్రి మనుమడైతే మరొక తీరుగా ఉంటుందా?

ఏ ఏటికైనా చెల్లే ఈ ప్రశ్నను 1955లో ఒక మహాశాస్త్రజ్ఞుడు గణితదృష్టితో పరిశీలించినారు. ఆయనే జె. బి. ఎస్. హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించినారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను, గనులలోని విషవాయువులను పరిశోధించిన పండితుడు. కుమారుని పసితనంలోనే ప్రయోగాలలో తోడు చేసుకొన్నాడు. చెల్లెలు నయోమీ పెంచిన గినీపందులు ఆ బాలునికి వంశపారంపర్య సూత్రాల తొలిపాఠాలైనవి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను పోరాడి గాయపడినారు. గాయం మానే నిమిత్తం పంపబడినప్పుడే ఆయనకు మన దేశంతో తొలి పరిచయం కలిగింది.

అటు తరువాత కేంబ్రిడ్జిలోను, లండను యూనివర్సిటీ కాలేజీలోను ఆచార్యకత్వం నెరపుతూ, ప్రకృతివరణానికి గణితరూపం కల్పించిన ముగ్గురు ప్రముఖులలో ఒకరుగా ఖ్యాతి గడించినారు. పరిణామ కారణాలను గూర్చిన ఆయన గ్రంథం 1932లో వెలువడింది.

డార్విన్ సిద్ధాంతంలో ఒక చిక్కుముడి ఉన్నది. తన్ను తాను కాపాడుకొనే ప్రాణియే మిగిలేటట్లయితే, ఇతరుల కొరకు ప్రాణమొడ్డే గుణం ఏనాడో నశించవలసినది కదా! హాల్డేన్ ఈ ముడిని ఏటి ఉదాహరణతో విప్పినారు. దూకడానికి ప్రేరేపించే జన్యువు ఒకటి ఉన్నదనుకొందాము. దూకిన పదిమందిలో ఒకడు మునిగిపోతాడని, బిడ్డలు పదిమందీ బ్రతుకుతారని అనుకొందాము. కన్నబిడ్డలోగాని తోబుట్టువులోగాని అదే జన్యువు ఉండే అవకాశం సగము. అనగా ఒకటి పోయి అయిదు నిలుస్తవి. మనుమడైనా అన్నకొడుకైనా నాలుగవ వంతు. అప్పుడు నిలిచేవి రెండున్నర. పినతండ్రి బిడ్డయితే ఎనిమిదవ వంతే కనుక లాభం అత్యల్పం. పరాయి బిడ్డయితే లెక్క ప్రకారం నష్టమే.

1964లో హామిల్టన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఈ భావానికి సమగ్రమైన గణితరూపం ఇచ్చినాడు. కూలి ఈగ తాను గుడ్లు పెట్టి పెంచుకొనక, తల్లి ఈగ కన్న చెల్లెళ్ళను సాకడంలోని మర్మాన్ని రక్తసంబంధపు పాలునుబట్టి వివరింప జూచినాడు. ఆ విధంగా మమకారం ప్రాణికోటిలో వేళ్ళూనిన తీరు మనకు కొంత బోధపడింది.

ఇక కథలోని రెండవ సగము. నీట మునిగిపోయేటట్లున్న వారిని హాల్డేన్ స్వయంగా రెండు మారులు ఒడ్డుకు లాగినారు. ఆ క్షణంలో ఈ లెక్క వేసే వ్యవధి తనకు లేకపోయెనని ఆయనే ఒప్పుకొన్నారు. లెక్క కట్టినది ప్రకృతి, దూకినది మనిషి.

1957లో మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు భార్య హెలెన్ స్పర్వేతో కూడ తరలివచ్చినారు. కుర్తా ధరించినారు, మాంసాహారం విడిచినారు. 1961లో భారత పౌరుడైనారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, తెలుగునాట సాధారణమైన మేనరికపు వివాహాలను జన్యుశాస్త్రదృష్టితో పరిశోధించినాడు. జయకర్ అనే మరొక శిష్యుడు స్పర్వేతో కలిసి తీతువు జాతి పిట్టల కాపురాన్ని పరికించినాడు. మండుటెండలో బయలునేల మీద గుడ్లు పెట్టే ఆ పిట్ట, పొట్ట ఈకలను నీట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచడం తల్లిదండ్రుల ప్రేమకు ఎంత చక్కని నిదర్శనం!

1962లో హాల్డేన్ భువనేశ్వరం చేరినారు. కాన్సరు సోకగా దానిపైనే హాస్యకవిత అల్లిన ధీరుడాయన. 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూసినారు. ఆయనకు సంతానం లేదు. ఆయన కోరిక ప్రకారం పార్థివదేహాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనం కొరకు కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు పంపినారు.

తోబుట్టువుకు సగమనీ, పినతండ్రి బిడ్డకు ఎనిమిదవ వంతనీ పాలు తేల్చిన ఆ పండితుడు, రక్తసంబంధమే లేని ఆంధ్ర విద్యార్థులకు తన దేహాన్ని సంపూర్ణంగా ఇచ్చివేసినారు. పాఠశాలలో ఈ లెక్క నేర్పే ఉపాధ్యాయులు ఈ దానాన్ని కూడా చెప్పినప్పుడే పాఠం పూర్తి అవుతుంది.