రైలు దారికి చట్టం తెచ్చిన ఉన్ని వర్తకుడు – ఎడ్వర్డ్ పీజ్ జీవితం



రైలు అనగానే మనకు జార్జి స్టీఫెన్‌సన్ పేరు జ్ఞాపకం వస్తుంది. మేము బడిలో పాఠం చెప్పిన రోజులలో పిల్లలకు ఆ పేరే నేర్పాము. ఇంజను చేసినవారి పేరు నిలవడం న్యాయమే. అయితే ఇంజను నడవాలంటే ముందు పట్టాలు కావాలి. పట్టాలు వేయాలంటే ఇతరుల పొలాల గుండా దారి కావాలి. ఆ దారి దొరకాలంటే పార్లమెంటు ఒక చట్టం చేయాలి. ఆ చట్టం కోసం సొంత డబ్బు పెట్టి, ఒకసారి ఓడిపోయి, మళ్లీ వెళ్లి అడిగేవారు కావాలి. అలా అడిగిన వారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ పీజ్. ఇంగ్లండులో ఆయనను రైల్వేల తండ్రి అంటారు. మన పెద్దలలో అనేకులు రైలెక్కి షోలాపూరుకో, బొంబాయికో, మద్రాసుకో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారే. కనుక ఈయన కథ మనం తెలిసికొనదగినది.

ఎడ్వర్డ్ పీజ్ 1767 మే 31న ఇంగ్లండు ఉత్తర భాగంలోని డర్హం జిల్లాలో డార్లింగ్టన్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి ఉన్ని వర్తకుడు. ఎడ్వర్డ్ కుర్రతనంలోనే చదువు ముగించి తండ్రి వ్యాపారంలో చేరారు. గుర్రమెక్కి ఊరూరా తిరిగి ఉన్ని కొనడం, దానిని వడికించి నేయించి అమ్మడం ఆయన పని. 1796లో రేచెల్ విట్‌వెల్ అనే ఆమెను వివాహమాడారు. వారికి ఎనిమిదిమంది సంతానం.

ఆ కుటుంబం క్వేకర్ల సమాజానికి చెందినది. వీరికి పాదిరులు లేరు. ఆరాధనలో మౌనంగా కూర్చుంటారు. యుద్ధానికి వెళ్లరు, ప్రమాణం చేయరు. ఒట్టు పెట్టుకున్నప్పుడు ఒక మాట, పెట్టుకోనప్పుడు ఒక మాట ఉండకూడదని వారి నమ్మకం. ఇందువలన పార్లమెంటు సభ్యత్వము, ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జి పట్టాలు వారికి అందకుండా పోయాయి. మిగిలిన దారి వ్యాపారం. తూకంలోను, మాటలోను నికార్సుగా ఉంటారని పేరు రావడంతో జనం తమ సొమ్మును వారి చేతిలో నమ్మకంగా పెట్టేవారు. అందుకే ఇంగ్లండులో పేరున్న బ్యాంకులు కొన్ని క్వేకర్లవే. డార్లింగ్టన్‌లో బ్యాక్‌హౌస్ బ్యాంకు, నార్విచ్‌లో గర్నీల బ్యాంకు అటువంటివి. ఈ రెండు కుటుంబాలకు పీజ్ కుటుంబంతో సన్నిహిత సంబంధం ఉండేది.

ఇక అసలు సమస్యకు వస్తాము. డార్లింగ్టన్‌కు ఎగువన బొగ్గు గనులు ఉన్నాయి. దిగువన టీస్ నది ఒడ్డున స్టాక్‌టన్ రేవు ఉంది. నడుమ దూరం సుమారు 25 మైళ్లు. బొగ్గును గుర్రాల వీపున, బండ్లమీద చెడ్డ రోడ్లపై తేవాలి. గని వద్ద చవకగా దొరికే బొగ్గు ఊరు చేరేసరికి బండి కిరాయితో ఎంతో ప్రియమయ్యేది. కాలువ త్రవ్వాలని 1760వ దశకం నుండి అనుకుంటూనే ఉన్నారు. 1810లో స్టాక్‌టన్‌లో జరిగిన ఒక విందులో కాలువా, పట్టాల దారా పరిశీలించాలని తీర్మానించారు. 1818లో స్టాక్‌టన్ వారు డార్లింగ్టన్‌ను తప్పించి కాలువ వేయడానికి సిద్ధపడేసరికి డార్లింగ్టన్ వారికి మెలకువ వచ్చింది. ఎడ్వర్డ్ పీజ్, బ్యాంకరు జోనతన్ బ్యాక్‌హౌస్ మొదలైనవారు పట్టాల దారి కావాలని పట్టుబట్టారు. అప్పటికి వారి ఆలోచనలో ఉన్నది గుర్రాలు లాగే బండ్లే. పీజ్ వయస్సు అప్పుడు 51 సంవత్సరములు.

ఇక్కడ ఆ చట్టం సంగతి కొంచెం వివరించాలి. మన సంఘాలను 1860వ సంవత్సరపు సొసైటీల చట్టం క్రింద రిజిస్టరు చేయించుకోవడం మనకు తెలుసు. ఫారం నింపి, సంతకాలు చేసి, రుసుము కడితే పని అవుతుంది. ఆనాటి ఇంగ్లండులో రైల్వే కంపెనీకి అటువంటి సులువు లేదు. ఒక్కొక్క కంపెనీకి పార్లమెంటు విడిగా ఒక చట్టం చేయాలి. అది ఉంటేనే వాటాదారులందరు కలిసి చట్టం దృష్టిలో ఒక్క మనిషిగా నిలబడగలరు. అది ఉంటేనే అమ్మనన్న రైతు పొలంలోనుండి కూడ వెల కట్టి దారి తీయగలరు. మరొకరి భూమిని అతని ఇష్టం లేకుండా తీసుకొనే అధికారం చిన్నది కాదు. అందుకే సర్వే పటాలు, లెక్కలు, సాక్షులు, చందాదారుల జాబితా అన్నీ పార్లమెంటు ముందు పెట్టాలి. ఓడిపోతే ఖర్చంతా నష్టమే.

జార్జి ఓవర్టన్ అనే ఇంజనీరు చేత సర్వే చేయించి 1819లో మొదటి బిల్లు పెట్టారు. డార్లింగ్టన్ ప్రభువు తీవ్రంగా ఎదిరించాడు. దారి ఆయన నక్కల వేటకు పెంచుకున్న పొదల మీదుగా పోవడమే కారణం. లార్డ్ ఎల్డన్ కూడ తన భూముల కోసం అడ్డుపడ్డాడు. అనుకూలంగా 93 ఓట్లు, వ్యతిరేకంగా 106 ఓట్లు వచ్చి, 13 ఓట్ల తేడాతో బిల్లు పడిపోయింది.

ఆ రోజుల గురించి డార్లింగ్టన్‌లో ఒక కథ చెప్పుకుంటారు. ప్రభువు బ్యాక్‌హౌస్ బ్యాంకును కూల్చదలచి, తన కౌలుదారుల ద్వారా ఆ బ్యాంకు నోట్లు ప్రోగుచేయించి, ఒక్కసారిగా బంగారం అడగాలని పన్నాగం పన్నాడట. సంగతి తెలిసి జోనతన్ బ్యాక్‌హౌస్ లండనుకు పరుగెత్తి బంగారంతో తిరిగి వస్తుండగా క్రాఫ్ట్ వంతెన దగ్గర బండి ముందు చక్రం ఊడిపోయిందట. ఆయన బంగారాన్ని వెనుకకు జరిపి బరువు సరిచూసుకొని మూడు చక్రాలతోనే ఊరు చేరి, అడిగినవారికి నోట్లకు బంగారం చెల్లించాడట. ఇందులో అతిశయోక్తి ఎంతైనా ఉండవచ్చు. ఆ కంపెనీకి ఆధారం మనుషుల మాటమీద నమ్మకమే అని మాత్రం ఈ కథ వలన బోధపడుతుంది.

రెండవసారి పీజ్, ఆయన మిత్రులు ఓటమిలో నేర్చుకున్నదానిని ఆచరణలో పెట్టారు. నక్కల పొదలను తప్పించి దారి మార్చారు. ఎల్డన్‌తో వెల కుదుర్చుకున్నారు. రైలు వస్తే తమ సుంకం పోతుందని, అప్పు మునిగిపోతుందని రహదారుల మీద సొమ్ము పెట్టినవారు భయపడ్డారు. వారి పత్రాలను పెట్టిన వెలకే కొంటామని పీజ్ బహిరంగ ప్రకటన చేయించారు. తమ మేలు కోసం ఇంకొకరు నష్టపోకూడదన్న ఆ జాగ్రత్త మనం గమనింపదగినది. 1820లో మూడవ జార్జి రాజు మరణించడంతో పార్లమెంటు రద్దయి ఇంకొక సంవత్సరం ఆలస్యమైంది.

చివరికి మరొక చిక్కు వచ్చింది. మొత్తం వాటాలలో అయిదింట నాలుగు వంతులకు చందాలు కుదిరితేనే బిల్లు ముందుకు సాగాలని నియమం. వాటా ఒక్కొక్కటి 100 పౌండ్లు. డార్లింగ్టన్ వారు, నార్విచ్, లండను క్వేకర్ బంధువులు తీసుకొన్నా సుమారు 7,000 పౌండ్లు తక్కువ పడింది. గడువు దగ్గర పడింది. ఆ లోటును ఎడ్వర్డ్ పీజ్ తన సొమ్ముతో పూరించారు. 1821 ఏప్రిల్ 19న స్టాక్‌టన్–డార్లింగ్టన్ రైల్వే చట్టానికి రాజముద్ర పడింది. నూటికి 5 చొప్పున లాభం వస్తే చాలునని ఆయన తలంపు.

ఈ చట్టంలో ఒక వింత నిబంధన ఉంది. జాన్ లాంబ్టన్ అనే గనుల యజమాని తన బొగ్గుకు పోటీ రాకుండా, ఓడలలో ఎగుమతి చేసే బొగ్గుకు టన్నుకు మైలుకు అర పెన్నీ కంటే ఎక్కువ వసూలు చేయరాదని వ్రాయించాడు. ఆ రేటుకు ఎవరూ మోయలేరని అతని లెక్క. తీరా చూస్తే ఆ తక్కువ రేటు వల్లనే ఎగుమతి విపరీతంగా పెరిగి కంపెనీ నిలదొక్కుకొంది.

చట్టం వచ్చిన ఆ రోజే జార్జి స్టీఫెన్‌సన్, నికోలస్ వుడ్ అనే మిత్రునితో కలిసి పీజ్ ఇంటికి వచ్చాడు. స్టీఫెన్‌సన్ గని కూలీ కొడుకు. 18 ఏళ్లు వచ్చాక చదవడం నేర్చుకున్నవాడు. మాటలో ఉత్తర దేశపు యాస. గుర్రాల కంటే ఆవిరి ఇంజను మేలని అతడు వాదించాడు. పీజ్ అతనిలో నిజాయితీని, తెలివిని గుర్తించి కంపెనీకి ఇంజనీరుగా పెట్టించారు. 1822లో స్వయంగా కిల్లింగ్‌వర్త్ గనికి వెళ్లి ఇంజను బొగ్గు లాగడం చూసి ఒప్పుకున్నారు. పోత ఇనుప పట్టాల పేటెంటులో స్టీఫెన్‌సన్‌కు తన వాటా ఉంది. అయినా అవి విరిగిపోతాయని, సాగదీసిన ఇనుప పట్టాలే మంచివని అతడు సిఫారసు చేశాడు. లాభం వదలుకొని నిజం చెప్పినవానిపై పీజ్‌కు గురి కుదరడంలో ఆశ్చర్యం లేదు.

మొదటి చట్టంలో ఆవిరి ఇంజను ప్రస్తావన లేదు. కనుక 1823లో రెండవ చట్టం తెచ్చి ఇంజనుకు, ప్రయాణికులకు అనుమతి పొందారు. ఆ సంవత్సరమే న్యూకాజిల్‌లో ఇంజన్ల కర్మాగారం మొదలైంది. పీజ్, లాంగ్‌రిడ్జ్ అనే ఇనుప వర్తకుడు, స్టీఫెన్‌సన్ తండ్రీకొడుకులు అందులో భాగస్థులు. కొడుకు రాబర్టుకు అప్పుడు 19 ఏళ్లు. కర్మాగారానికి అతని పేరే పెట్టారు.

1825 సెప్టెంబరు 27న దారి ప్రారంభమైంది. లొకోమోషన్ అనే ఇంజను బొగ్గు, పిండి బస్తాలు, వందలాది జనంతో నిండిన బండ్లను లాగుకొంటూ స్టాక్‌టన్ చేరింది. ఊళ్లన్నీ తరలివచ్చాయి. అంత పాటుపడిన ఎడ్వర్డ్ పీజ్ మాత్రం ఆ ఊరేగింపులో లేరు. ముందటి రాత్రి ఆయన కుమారుడు ఐజాక్ మరణించాడు. ఏడేళ్ల శ్రమ ఫలించిన దినమున తండ్రి తన కొడుకు మృతదేహం ప్రక్కన ఉన్నారు.

ఆ దారి వలన కలిగిన మేలు త్వరలోనే కనబడింది. స్టాక్‌టన్‌లో టన్ను బొగ్గు వెల 18 షిల్లింగుల నుండి 12కు దిగింది. పేదవాని పొయ్యికి అది పెద్ద సంగతి. 1830లో దారిని మిడిల్స్‌బ్రో వరకు పొడిగించారు. 1831లో 154 మంది ఉన్న ఆ పల్లెలో 1841 నాటికి 5,463 మంది ఉన్నారు. బ్రతుకుతెరువు కోసం పరాయి ఊరు చేరినవారే వారిలో అత్యధికులు. ఇది మనకు తెలిసిన కథే.

1833లో భార్య రేచెల్ కన్నుమూశారు. ఆ కాలంలోనే పీజ్ రైల్వే వ్యవహారాలను కుమారులకు వదలి విశ్రాంతి తీసుకున్నారు. రెండవ కుమారుడు జోసెఫ్ 1832లో పార్లమెంటుకు ఎన్నికై, ప్రమాణం చేయకుండా ధ్రువీకరించి కూర్చున్న తొలి క్వేకరు అయ్యాడు. రాజకీయాల మోజు తగదని తండ్రికి అది నచ్చలేదు. స్టీఫెన్‌సన్ మాత్రం ఆయనను మరువలేదు. తన గౌరవాన్ని, కృతజ్ఞతను చెక్కించిన బంగారు గడియారం ఒకటి ఆయనకు బహూకరించాడు. వృద్ధాప్యంలో ఊరివారు విగ్రహం నిలుపుతామంటే పీజ్ ఒప్పుకోలేదు. అభినందన పత్రం ఒక్కటి స్వీకరించారు. 1858 జూలై 31న తన 91 ఏళ్ల వయస్సులో డార్లింగ్టన్‌లోనే మరణించారు.

ఆయన కంపెనీ 1863లో నార్త్ ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది. పీజ్ కుటుంబపు బ్యాంకు మనుమడు జోసెఫ్ విట్‌వెల్ పీజ్ కాలంలో, 1902లో కూలిపోయింది. తాత సంపాదించిన నమ్మకాన్ని ఒక్కొక్క తరము తిరిగి సంపాదించుకోవాలి. అది ఆస్తితోపాటు సంక్రమించదు.

2025లో ఆ తొలి ప్రయాణానికి 200 ఏళ్లు నిండాయి. లొకోమోషన్ ఇంజనును షిల్డన్ ఊరి ప్రదర్శనశాలలో భద్రపరచారు. పిల్లలు దానిని చూసి ఆనందిస్తారు. దాని వెనుక ఉన్న 1821 నాటి చట్టాన్ని చూడబోయేవారు తక్కువ. ఊరి బాగు కోసం ఏదైనా తలపెట్టేవారు పత్రాల దగ్గర, అనుమతుల దగ్గర, లోటు పడిన చందాల దగ్గర విసుగు చెందడం సహజం. ఎడ్వర్డ్ పీజ్ జీవితంలో ఎక్కువ కష్టం ఆ పనుల వద్దనే గడిచింది. ఆయన పని నిలిచినదీ అక్కడనే.