పావులూరి మల్లన

విజయవాడనుండి ఏలూరునకు పోవు రాజమార్గమున హనుమాన్ జంక్షన్ అను కూడలి కలదు. అచ్చట ఒక దారి గుడివాడ వైపునకును, వేరొక దారి నూజివీడు వైపునకును చీలును. కూడలియందలి ఆంజనేయస్వామి ఆలయమునుబట్టి ఆ యూరికి ఆ పేరు కలిగినది. ఆ చుట్టుప్రక్కల పొలములను చూచినవారికి ఒక సంగతి తోచకమానదు. లెక్కల పుస్తకములలో గీచినట్టి చక్కని చదరములు అచ్చట అరుదు. కాలువ వంపు తిరిగినచోట గట్టును వంపు తిరుగును. డొంక అడ్డము వచ్చినచోట మడికి ఒక మూల తెగిపోవును. నాలుగు గట్లును నాలుగు కొలతలుగానున్న మడి ఎన్ని సెంట్లుండును? అమ్మువానికిని కొనువానికిని, శిస్తు కట్టువానికిని కట్టించుకొను ప్రభువునకును ఇదియే ముఖ్యమైన ప్రశ్న. చుట్టుకొలత తెలిసికొనుట కష్టము కాదు. గట్టువెంబడి నడచి, కొలిచి, కూడిన చాలును. వైశాల్యము అంత సులభముగా లొంగునది కాదు. ఇట్టి లెక్కలను తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే తెలుగు పద్యములలో చెప్పిన మహనీయుడు పావులూరి మల్లన.

మల్లన పూర్వులు కమ్మనాటివారు. ఆ నాటిలోని పావులూరు వారి యింటిపేరునకు మూలము. ఇతని తండ్రి శివ్వన, తాతయు మల్లనయే. రాజమహేంద్రవరము రాజధానిగా వేంగిదేశమును పాలించిన రాజరాజ నరేంద్రుడు పీఠాపురమునకు సమీపమునందలి నవఖండవాడ యను గ్రామమును తాతయైన మల్లనకు దానమిచ్చెనని చెప్పుదురు. తాతయు మనుమడును ఒకే పేరు గలవారగుటచే, గ్రంథకర్త నన్నయకు సమకాలికుడా, లేక ఆ తరువాతివాడా యను విషయమున పండితులకు భిన్నాభిప్రాయములు కలవు. ఏ మతమును స్వీకరించినను అతడు పదునొకండవ, పండ్రెండవ శతాబ్దములకు చెందినవాడే యగును.

ఆ కాలమున గ్రామమును దానము చేయునపుడు దాని యెల్లలను శాసనములో చెక్కించెడివారు. తూర్పున చింతచెట్టు, దక్షిణమున పుట్ట, పడమట చెరువు అను విధముగ సరిహద్దులు చెప్పుట పరిపాటి. పొలము విస్తీర్ణమును, అందు ఇన్ని ఖండికల విత్తనములు పట్టునని చెప్పుటయు కలదు. మోటు లెక్కయే యైనను వ్యవసాయదారునకు అది అర్థమగును. కాని ఒకడు చిక్కగాను మరియొకడు పలుచగాను విత్తనములు చల్లినచో అదే నేల ఇద్దరి లెక్కలో రెండు కొలతలగును గదా! నేలను నేలగానే కొలిచి లెక్కకట్టు విద్య సంస్కృత గ్రంథములలో నుండెను. సంస్కృతము రాని రైతు, ఎదుటివాడు చెప్పిన లెక్క సరియో కాదో తానై చూచుకొను మార్గము లేదు.

మల్లన తెనిగించిన మూలగ్రంథము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున నుండెను. మల్లన తన తెలుగు గ్రంథమునకు సారసంగ్రహ గణితమని పేరిడెను. మాటకు మాట మార్చుట అతని పద్ధతి కాదు. కొన్నిటిని కుదించెను, జైనమత సంబంధమైన ఉదాహరణములను తొలగించి, శివపూజకును తెలుగువారి జీవితమునకును చెందినవానిని చేర్చెను. లెక్కను పద్యములో బిగించుట పాండిత్య ప్రదర్శనమని కొందరు తలంతురు. నాకట్లు తోచదు. కాగితము లేని దినములలో గట్టుమీద నిలువబడినవానికి సూత్రము నోటికి రావలెనన్న పద్యమునకు మించిన సాధనమేమున్నది?

మూలమునందలి క్షేత్రగణితమున మహావీరుడు త్రిభుజములను మూడు విధములుగను, చతుర్భుజములను ఐదు విధములుగను, వృత్తములను ఎనిమిది విధములుగను విభజించెను. చతుర్భుజములలో ఐదవది విషమ చతుర్భుజము. అనగా ఏ రెండు భుజములును సమానము కానిది. మన మడి ఇదియే. దీనికి అతడు రెండు ఫలములను చెప్పెను. ఒకటి వ్యావహారికము, రెండవది సూక్ష్మము. క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడును ఈ రెండు మార్గములను తెలిపియుండెను.

ఒక ఉదాహరణము చూతము. ఒక మడి గట్లు వరుసగా 25, 39, 60, 52 గజములు. ఇవి భారతీయ గణితమున ప్రసిద్ధమైన అంకెలే. చుట్టుకొలత 176 గజములు. వ్యావహారిక మార్గమున ఎదురెదురు భుజములను కూడి సగము చేసి, ఆ రెంటిని గుణింపవలెను. నలుబది రెండున్నరను నలుబది యైదున్నరచే గుణింప 1933 ముప్పాతిక చదరపు గజములు వచ్చును. సూక్ష్మ మార్గము వేరు. చుట్టుకొలతలో సగమైన 88 నుండి ఒక్కొక్క భుజమును తీసివేయగా 63, 49, 28, 36 మిగులును. ఈ నాలుగింటిని గుణించి వర్గమూలము తీసిన 1764 వచ్చును. రెండు ఫలములకును నడుమ భేదము సుమారు 170 చదరపు గజములు. అనగా మూడున్నర సెంట్లు. ముప్పదియారున్నర సెంట్ల మడిలో మూడున్నర సెంట్ల లేని నేలకు రైతు శిస్తు కట్టవలసివచ్చును! దీర్ఘచతురస్రము కాని ప్రతి మడికిని ఆ మోటు లెక్క ఎక్కువయే చూపును. ఎన్నడును తక్కువ చూపదు. రెండు ఫలములును తెలిసినవాడే తనకు చెప్పిన లెక్క ఏ జాతిదో అడుగగలడు.

సూక్ష్మఫలమునందును ఒక మెలిక కలదు. నాలుగు మూలలును ఒకే వృత్తముమీద నున్నప్పుడే అది నిక్కమగును. పై మడికి 25, 39 గజముల గట్ల నడిమి మూలకు ఇరువైపుల నున్న మూలలను కలుపు కర్ణము 56 గజములైనచో, రెండు త్రిభుజముల వైశాల్యములు 420, 1344. మొత్తము సరిగా 1764. గట్లు అవియే యుండి ఆ కర్ణము 60 గజములైనచో వైశాల్యము సుమారు 1731కి దిగును. చుట్టుకొలత మాత్రము మారదు. కనుకనే తరువాతి కాలమున గొలుసు పట్టిన సర్వేదారులు గట్లతో తృప్తిపడక మూలనుండి మూలకు గీత లాగి, మడిని త్రిభుజములుగ కోసి కొలిచిరి.

వంపు గట్ల సంగతియు మహావీరుడు విడువలేదు. యవగింజవలె, మృదంగమువలె నడుమ ఉబ్బినవియు, పణవమువలె నడుమ సన్నగిల్లినవియు నగు క్షేత్రములకు, కొనయందలి వెడల్పును నడిమి వెడల్పును కూడి సగము చేసి నిడివిచే గుణింపుమని చెప్పెను. కొనలయందు 4, నడుమ 8 గజముల వెడల్పుగల మృదంగాకార క్షేత్రము 20 గజముల పొడవున్నచో ఫలము 120 చదరపు గజములు. గట్లు తిన్నగానుండి నడుమ మాత్రమే విరిగినచో ఇది సరియగును. గట్లు వంగినచో ఉజ్జాయింపు మాత్రమే.

మల్లన పేర మిక్కిలి ప్రసిద్ధమైన లెక్క పొలములది కాదు, చదరంగపు బల్లది. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులును నింపగా మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది యంకెల ఈ సంఖ్యను, బాణములనగా ఐదు, చంద్రుడనగా ఒకటి అను సంకేతములతో ఒక్క పద్యములో ఇమిడ్చిరి. కడపటి యంకెనుండి వెనుకకు చదువుకొని పోవలెను.

2020 డిసెంబరులో జగ్గయ్యపేట చేరువనున్న తక్కెళ్లపాడున ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే ప్రారంభమైనది. అందు డ్రోనులును, ఉపగ్రహముల సంకేతములను గ్రహించు పరికరములును వాడిరి. మహావీరుని సంస్కృత మూలమును రంగాచార్యులు ఆంగ్లానువాదముతో మద్రాసున 1912లో ప్రకటించిరి. అప్పటికి దాని తెలుగు రూపము పావులూరి గణితమను పేర ఎన్నియో తరములుగా తాటియాకులమీద నిలిచియే యుండెను.