బోస్టన్‌లో మొదటి రాత్రులు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవిత కథ

ప్రతి ఏడాది జూన్ నెలలో మన హాస్టల్ గేటు ముందు ఒకే దృశ్యం కనబడుతుంది. రేకు పెట్టె, చద్దరు, స్టీలు ప్లేటు, గ్లాసు పట్టుకొని ఒక కొత్త పిల్లవాడు నిలబడి ఉంటాడు. పక్కన అమ్మో, నాన్నో ఉంటారు. వార్డెన్ సారు రిజిస్టరులో పేరు రాసుకుంటారు. సాయంత్రం బస్సుకు ఇంటివాళ్ళు వెళ్ళిపోతారు. ఆ రాత్రి ఆ పిల్లవాడు దుప్పటి ముసుగులో ఏడుస్తాడు. నేనూ అలాగే ఏడ్చాను. ఇది చదివే మీలో చాలామంది ఏడ్చే ఉంటారు, పైకి ఒప్పుకోకపోయినా!

ఇప్పుడు సంక్షేమ హాస్టళ్ళలో చదివినవాళ్ళు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి సాయంతో అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దాకా వెళ్తున్నారు. ఊరు పెద్దదైనా, దేశం వేరైనా మొదటి రాత్రి మాత్రం ఒక్కటే. భాష చెవికి ఎక్కదు, తిండి నోటికి ఎక్కదు, జేబులో డబ్బు నిలవదు. సరిగ్గా అలాంటి రోజులు గడిపిన ఒక తెలుగువాడి జీవితం మన వార్షికోత్సవ సంచికలో ఉండాలని ఇది రాస్తున్నాను. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం ముందే ముగిసింది. తల్లి వెంకమ్మ గారు. ఇల్లంతా పిల్లలు, చేతిలో పైసలు లేవు. ఈ మహా శాస్త్రవేత్త చిన్నప్పుడు చదువులో మొదటివాడేమీ కాదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకొని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాస్ కాలేదు. ఈలోపు తండ్రి చనిపోయారు. తల్లి ఒంటి మీది నగలు అమ్మి కొడుకును చదివించింది. పరీక్ష తప్పిన తమ్ముళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకొని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. అది శస్త్రచికిత్స తెల్ల ప్రొఫెసరుకు నచ్చలేదు. పేపర్లు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా, దానికంటే ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. ఆ ఒక్క మెట్టు తేడా సముద్రం దాటినా ఆయనను వదలలేదు.

అదే కాలంలో ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి ఎముకల గూడయ్యే జబ్బు అది. తరువాత సుబ్బారావు గారికీ అదే వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి మందుతో బతికి బయటపడ్డారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించారు. అయినా ఒక ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. సోదరులను చంపిన జబ్బుకు మందు ఏది? దాన్ని వెతకడానికే అమెరికా వెళ్ళాలనుకున్నారు.

డబ్బు ఎక్కడిది? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. భార్య శేషగిరి గారిని పుట్టింట ఉంచి, త్వరలో తిరిగి వస్తానని చెప్పి ఓడ ఎక్కారు. 1920ల మొదట్లో, ఒక అక్టోబరు నెల చివర ఆయన బోస్టన్ నగరంలో దిగారు.

అక్టోబరు చివరంటే అక్కడ చెట్ల ఆకులు రాలి, చలి మొదలయ్యే కాలం. గోదావరి ఎండల్లో పెరిగి, మద్రాసు ఉక్కలో చదివిన ఒంటికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళు ఆ ఊళ్ళో కనబడటమే అరుదు. ఫోను చేసి అమ్మతో మాట్లాడే రోజులు కావు. ఉత్తరం ఓడలో పోయి, జవాబు తిరిగి రావాలంటే నెలలు పట్టేది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు ఉంది. కాని ఫీజు కట్టాలి, గది అద్దె కట్టాలి, పూట గడవాలి. మద్రాసు పట్టా మీద అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు.

అప్పుడు ఆయన ఏం చేశారు? అక్కడి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పని ఒప్పుకున్నారు. వార్డుల్లో రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని అది. ఇక్కడ డాక్టరు, అక్కడ వార్డు బాయ్. రాత్రంతా ఆ పని, పగలు తరగతులు. అలా చదివే 1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా తీసుకున్నారు.

సుబ్బారావు గారి కథ చెప్పేవాళ్ళందరూ ఈ ఘట్టం దగ్గర ఆగి, అయ్యో, ఎంత గొప్పవాడు ఎంత నీచమైన పని చేశాడు అని జాలిపడతారు. నాకు ఆ మాట దగ్గర మనసు ఒప్పుకోదు. ఆ పని నీచమైనదైతే ఆసుపత్రుల్లో, మునిసిపాలిటీల్లో, పటాన్‌చెరు కంపెనీల్లో అదే పని చేసి మనల్ని చదివించిన మన అమ్మానాన్నలు ఏమవుతారు? బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఒక డాక్టరు కొన్నాళ్ళు చేస్తే అది చరిత్రలోకి ఎక్కింది. తరతరాలుగా చేస్తున్నవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. సుబ్బారావు గారి గొప్పతనం ఆ పని చేయడంలో లేదు. ఆ పనిని చిన్నతనంగా అనుకోకపోవడంలో ఉంది. అది చేస్తూ కూడా తాను ఎందుకు వచ్చాడో మరిచిపోకపోవడంలో ఉంది.

ఆయనకు సుమారు పదేళ్ళ ముందు, 1913 జులైలో, బాబాసాహెబ్ అంబేద్కర్ న్యూయార్క్‌లో దిగారు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఆయన వయసు 22 ఏళ్ళు. మొదట దిగిన హాస్టల్‌లో తిండి పడక, వసతి మార్చుకున్నారు. తరువాత నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. కాని చదువు తరువాత 1917లో ఉద్యోగానికి బరోడా వస్తే, కులం కారణంగా తలదాచుకోవడానికి గది దొరకలేదు. పరాయి దేశంలో దొరికిన చోటు సొంత దేశంలో దొరకలేదన్నమాట. ఇద్దరి కష్టాలూ ఒకటి కావు. సుబ్బారావు గారికి అడ్డుపడింది డబ్బు, పట్టా, పరాయితనం. బాబాసాహెబ్‌కు వాటితోపాటు సముద్రం ఇవతల కులం కూడా కాచుకొని ఉంది. ఇద్దరినీ నిలబెట్టింది మాత్రం చదువే.

డిప్లొమా తరువాత సుబ్బారావు గారు హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివేవారికి ఇప్పటికీ తెలుసు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కనుగొన్నారు. మన ఇంటర్ బైపీసీ పుస్తకాల్లో జీవకణానికి శక్తినిచ్చే నాణెం అని చదువుకుంటామే, అదే ఎ.టి.పి. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే సంవత్సరం విడిగా దాన్ని కనుగొన్నాడు. 1930లో సుబ్బారావు గారికి పిహెచ్.డి. వచ్చింది.

అంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళి, కొద్ది కాలానికే దాని పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం తయారయింది. సోదరులను చంపిన స్ప్రూ జబ్బుకు పనిచేసే మందు అది! ఏ ప్రశ్నతో ఓడ ఎక్కారో ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్ళు దాటాక జవాబు దొరికింది. ఈనాడు గర్భిణులకు అంగన్‌వాడీల్లో, ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేదీ అదే ఫోలిక్ ఆమ్లం. బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడిదే. ఇంటింటికీ వచ్చి ఆరోగ్య కార్యకర్తలు మింగించినది ఆ మాత్రనే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ మొదట వాడిన అమినోప్టెరిన్, తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పనే.

అయితే ఈ జీవితానికి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. త్వరలో వస్తానని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన అమెరికాలో కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. గొప్పవారి విజయాన్ని లెక్కపెట్టేటప్పుడు, దానికి ఇంట్లోవాళ్ళు కట్టిన ధరను కూడా లెక్కపెట్టాలి.

మన కొల్లూరు నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఎంతో దూరం కాదు. మందుల ఫ్యాక్టరీల వాసన మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. మనలో ఎందరి నాన్నలో అక్కడ షిఫ్టులకు వెళ్ళి డ్రమ్ములు మోశారు. ఆ డ్రమ్ముల్లో ఉన్నదేమిటో, ఎవరు కనుగొన్నారో మనం చదివి తెలుసుకోగలం. రేపు మనమే కొత్తది కనుగొనగలం కూడా.

విదేశాలకు వెళ్ళబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రెండు మాటలు. అమెరికాలో విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు సాగే రోజుల్లో కాలేజీ ప్రాంగణంలో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. దానికి మించి ఆశపడి చదువును, వీసాను పోగొట్టుకోవద్దు. పని ఏదైనా సిగ్గుపడవద్దు. సుబ్బారావు గారికి లేని సౌకర్యం మీకు ఉంది కాబట్టి, ఇంటికి ఫోను చేయడం మానవద్దు.

ఇక్కడే ఉన్నవారికి ఒక్క మాట. వచ్చే జూన్‌లో రేకు పెట్టెతో ఒక పిల్లవాడు గేటు ముందు నిలబడతాడు. వాడికి మంచం చూపించండి, నీళ్ళ పంపు చూపించండి, రాత్రి భోజనానికి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. భతేనా అంబేద్కర్ గారికి చేసింది స్నేహమే. వాడి మొదటి రాత్రి మన చేతుల్లో ఉంది.