పేరు కోసం ఆగని పని – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మెట్రిక్‌లో రెండుసార్లు తప్పినవాడు ప్రపంచానికి మందులిచ్చాడంటే మన హాస్టల్ తమ్ముళ్లు కొందరైనా నమ్మరు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. రాజమండ్రిలో చదివి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్ గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు.

1922లో మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పొట్టకూటికి రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని, పగలు చదువు. హార్వర్డులో ఫిస్క్ గారితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఏటీపీ 1929లో బయటపెట్టారు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

గుర్తింపు ఉంటేనే ఉద్యోగి మనసుపెట్టి పనిచేస్తాడని మా మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఉంది. ఈయన విషయంలో ఆ సూత్రం సగమే నిజమనిపిస్తుంది. గుర్తింపు లేకుండానే పద్దెనిమిదేళ్లు పనిచేశారు కదా! అయితే 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే కంపెనీలో చేరి, పరిశోధన పగ్గాలు చేతికొచ్చాక ఫలితాలు వరదలా వచ్చిన మాట కూడా నిజమే. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన పత్రం మీద పదిమందికి పైగా పేర్లున్నాయి. వాటి మధ్య ఎక్కడో ఈయన పేరు. అదే ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు పనికొచ్చింది, అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ గారు రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఊరట తెచ్చారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌నూ డగ్గర్ గారు కనుగొన్నది ఈయన నాయకత్వంలోనే.

ఒక్క మాట మాత్రం దాచకూడదు. పని ధ్యాసలో ఆయన మళ్లీ ఇండియా రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో కన్నుమూశారు. 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

బోదకాలు రాకుండా మన హాస్టల్లో వరుసగా నిలబెట్టి మింగించిన డీఈసీ మాత్ర గుర్తుందా? కళ్లు తిరుగుతాయని బాత్‌రూముల్లో దాక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మందు 1947లో సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచే వచ్చిందని పీజీలో చేరేదాకా నాకు తెలియదు.