పిల్లిపిల్ల పేరుతో ప్రసిద్ధులైన సహాబీ: హజ్రత్ అబూ హురైరా (రజి)

హజ్రత్ అబూ హురైరా (రజి) పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. జుమా బయానులో, మక్తబ్‌లో, ఇంట్లో పెద్దలు చెప్పే మాటల్లో ఆ పేరు వినబడుతూనే ఉంటుంది. అయితే దాని అర్థమేమిటని అడిగితే పిల్లలే కాదు, పెద్దలూ కాస్త తడుముకుంటారు. అరబీలో హిర్ర అంటే పిల్లి. హురైరా అంటే చిన్న పిల్లిపిల్ల. అబూ హురైరా అంటే పిల్లిపిల్ల తండ్రి! ఇస్లాం స్వీకరించక ముందు ఆయన పేరు అబ్దుష్షమ్స్ (సూర్యుని దాసుడు) అనీ, తర్వాత అబ్దుర్రహ్మాన్ అయిందనీ చాలామంది చరిత్రకారులు రాశారు. అసలు పేరు విషయంలో పండితుల మధ్య ఎన్నో అభిప్రాయాలున్నాయి. లోకానికి గుర్తున్నది మాత్రం ఆ పిల్లిపిల్ల పేరే.

ఆయన యమన్ దిక్కున ఉండే దౌస్ తెగవారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఇంటివాళ్ల మేకలు కాసేవారు. ఆ రోజుల్లో ఆయన దగ్గర ఒక చిన్న పిల్లి ఉండేది. రాత్రిపూట దాన్ని ఒక చెట్టు మీద ఉంచి, తెల్లవారగానే వెంట తీసుకువెళ్లి, మేకలు మేస్తుంటే దానితో ఆడుకునేవారు. అది చూసి జనం ఆ పేరు పెట్టారు. ఈ సంగతి ఆయనే స్వయంగా చెప్పినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. మహాప్రవక్త (స) ఆయన్ను ప్రేమగా 'అబా హిర్' అని పిలిచేవారు.

దౌస్ తెగ నాయకుడు హజ్రత్ తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) పిలుపు విని ఆయన ఇస్లాం స్వీకరించారు. హిజ్రీ 7 (క్రీ.శ. 628)లో తన తెగవారితో కలిసి మదీనా చేరేసరికి మహాప్రవక్త (స) ఖైబర్‌లో ఉన్నారు. ఆగకుండా అక్కడికే వెళ్లి కలుసుకున్నారు. దారిలో ఆయన బానిస ఒకడు తప్పిపోయాడు. ఆయన ప్రవక్త (స) సన్నిధిలో కూర్చుని ఉండగా ఆ బానిస ఎదుట కనిపించాడు. వెంటనే అల్లాహ్ కోసం అతణ్ణి విడుదల చేశారు. ఉన్న ఆస్తి అది ఒక్కటే. అదీ వదిలేశారు.

అక్కడి నుంచి ఆయన ఇల్లు మస్జిదె నబవీలోని అరుగే. 'సుఫ్ఫా' అనే ఆ అరుగు మీద ఇల్లూ వాకిలీ లేని పేద సహాబీలు ఉండేవారు. ఆకలి ఎంతంటే కడుపుకు రాయి కట్టుకునేవారు. మింబరుకూ, హజ్రత్ ఆయిషా (రజి) గదికీ మధ్య స్పృహతప్పి పడిపోతే, మూర్ఛ రోగమనుకుని దారినపోయేవారు మెడ మీద కాలు పెట్టేవారట. రోగం కాదు, ఆకలి.

ఒకనాడు మహాప్రవక్త (స) ఇంటికి ఒక గిన్నెడు పాలు కానుకగా వచ్చాయి. సుఫ్ఫావారందరినీ పిలుచుకురమ్మని అబూ హురైరా (రజి)ని ఆదేశించారు. ఆయనకు మనసులో కష్టంగా తోచింది. అంతమంది తాగాక నాకేం మిగులుతుంది అనుకున్నారు. అయినా ఆజ్ఞ కాబట్టి పిలిచారు. ఒక్కొక్కరూ కడుపునిండా తాగినా గిన్నె తరగలేదు. చివరికి ఆయన వంతు వచ్చింది. ఇక చోటు లేదనేవరకు ప్రవక్త (స) ఆయన చేత తాగించి, మిగిలింది తాము తాగారు. ఆకలిగా ఉన్నప్పుడు మరొకరు వస్తే మనసు ముడుచుకోవడం సహజమే. ఆ సంగతి దాచుకోకుండా మనకు చెప్పడం ఆయన పెద్దమనసు.

తల్లి ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. ఒకసారి ఆమె మహాప్రవక్త (స) గురించి అనకూడని మాట అన్నది. కొడుకు ఏడుస్తూ ప్రవక్త (స) దగ్గరికి వెళ్లి ఆమె కోసం దుఆ అడిగారు. తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంది, లోపల నీళ్ల చప్పుడు వినబడుతోంది. తల్లి స్నానం చేసి, హడావుడిగా బట్టలు వేసుకుని తలుపు తీసి కలిమా చదివింది. ఈసారి సంతోషంతో ఏడుస్తూ పరుగెత్తారు.

ఆయన ప్రవక్త (స) వెంట ఉన్నది నాలుగేళ్ల లోపే. అయినా ఆయన పేర 5374 హదీసు ఉల్లేఖనాలు లెక్కకు వచ్చాయి. ఆయన నుంచి హదీసులు విన్నవారు ఎనిమిది వందలకు పైగా ఉన్నారని ఇమాం బుఖారీ (రహ్మ) లెక్క. ముహాజిర్లకు బజారు పని, అన్సార్లకు పొలం పని ఉండేవి. ఈయనకు ఏ పనీ లేదు. కడుపుకు దొరికింది తిని ప్రవక్త (స) గడప పట్టుకుని కూర్చున్నారు.

ఆ వేల హదీసుల్లో ఒకటి పిల్లి గురించి. ఒక స్త్రీ పిల్లిని కట్టివేసింది. తిండి పెట్టలేదు, నేల మీద తిరిగే పురుగూ పుట్రా తిని బతకనివ్వనూ లేదు. అది చచ్చిపోయింది. ఆ కారణంగా ఆ స్త్రీ నరకం పాలైంది. ఈ హదీసును ఇతర సహాబీలు కూడా చెప్పారు. కానీ ఆకలితో పడిపోయి, జనం కాళ్ల కింద నలిగిన మనిషి నోట ఈ మాట వినడం వేరు. దాహంతో నాలుక చాపిన కుక్కకు బావిలో దిగి చెప్పుతో నీళ్లు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు చెప్పిందీ ఆయనే.

ఆ స్త్రీ నేరం పిల్లిని పెంచడం కాదు. తన చేతిలోకి తీసుకుని, దాని దారి మూసి, దాని కడుపును మరచిపోవడం. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తి నింపిన వసారాలోనో, మిరపకాయల బస్తాలు ఉన్న గదిలోనో ఎలుకల కోసం పిల్లిని తెచ్చుకోవడం మామూలే. పట్టణాల్లో ముచ్చటకు పెంచేవారూ పెరిగారు. ఒకటి తెస్తే ఏడాదికి రెండు ఈతలు, నాలుగైదు పిల్లలు. అప్పుడేం చేస్తారు? గోతాంలో వేసి మూతి కట్టి, ఊరి చివర గట్టు మీద వదిలి వస్తారు. కళ్లు తెరవని కూనల్ని కూడా! కట్టేసిన తాడుకూ, మూతి కట్టిన గోతానికీ తేడా ఏమిటో మాకు తెలియడం లేదు.

పిల్లల సంఖ్య పెరగకుండా ఆపరేషన్ చేయించవచ్చా అని కొందరు సందేహిస్తారు. లాభం ఉన్నా, నష్టం తప్పుతున్నా మగపిల్లిని ఖస్సీ చేయించడంలో దోషం లేదని హనఫీ గ్రంథం 'ఫతావా ఆలంగీరీ'లో ఉంది. ఆడపిల్లి విషయం మీ ఊరి ముఫ్తీగారిని అడగండి. కూనల్ని పారేయడం కన్నా ఇది మేలు కదా.

ఇంట్లో ఒక పిల్లి ఉండగానే మరొకటి తెచ్చేవారు ఇంకో సంగతి గమనించాలి. పిల్లికి ఇల్లంటే వాసన. తన మూల, తన గిన్నె, తన మంచం కింద చోటు దానికి గట్టిగా గుర్తు. కొత్తదాన్ని తెచ్చి ఎదురుగా దించేస్తే పోట్లాడుకుంటాయి, ఒకటి తిండి మానేస్తుంది, లేదా ఇల్లు వదిలిపోతుంది. అందుకని కొత్త పిల్లిని వారం పది రోజులు వేరే గదిలో ఉంచాలి. ముందు పశువుల డాక్టరుకు చూపించి టీకాలు వేయించాలి. దీన్ని తుడిచిన గుడ్డ దాని దగ్గర, దాన్ని తుడిచిన గుడ్డ దీని దగ్గర వేయాలి. మూసిన తలుపుకు ఇటొకటి అటొకటి కూర్చోబెట్టి తిండి పెడితే, ఆ వాసనతో కడుపు నిండుతుందన్న నమ్మకం రెంటికీ కలుగుతుంది. ఆ తర్వాత తలుపు కొద్దిగా తీసి, మనం దగ్గరుండి కాసేపు చూసుకోనివ్వాలి. బుస్సుమనడం, గుర్రుమనడం మామూలే, కొట్టకూడదు. గిన్నెలు ఎవరివి వారికే. ముందు పాతదానికి పెట్టి తర్వాత కొత్తదానికి పెట్టాలి. కొన్ని నెల దాకా తీసుకుంటాయి. కొన్ని ఎన్నడూ స్నేహం చేయవు, దూరదూరంగా బతుకుతాయి. అదీ చాలు.

ఇక పాకీ, నాపాకీ సంగతి. హజ్రత్ అబూ ఖతాదా (రజి)కి కోడలు కబ్షా వజూ నీళ్లు పెడితే పిల్లి వచ్చింది. ఆయన పాత్ర వంచి దాని దాహం తీరేవరకు తాగనిచ్చారు. ఆమె ఆశ్చర్యపోతే, పిల్లి అపవిత్రం కాదనీ, మీ చుట్టూ తిరిగే వాటిలో ఒకటనీ ప్రవక్త (స) చెప్పిన సంగతి వినిపించారు. మన హనఫీ ఫిఖ్‌లో, వేరే నీళ్లుంటే పిల్లి ఎంగిలి నీటితో వజూ చేయడం స్వల్ప మక్రూహ్. అప్పుడే ఎలుకను తిని లోటాలో మూతి పెడితే మాత్రం ఆ నీరు నాపాక్. పిల్లి మూత్రం తగిలిన జానమాజు కడగాల్సిందే. ఎలుకలకు మందు పెట్టే ఇళ్లవారు పిల్లిని కొన్నాళ్లు లోపలే ఉంచితే మంచిది, మందు తిన్న ఎలుకను తింటే దాని ప్రాణానికీ ముప్పే.

ఒక మాట. నిద్రపోతున్న పిల్లిని లేపడం ఇష్టంలేక మహాప్రవక్త (స) అంగీ చెయ్యి కత్తిరించుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది ప్రామాణిక హదీసు గ్రంథాల్లో లేదు. సహీ హదీసులు ఉండగా దానితో మనకు పని లేదు.

హజ్రత్ అబూ హురైరా (రజి) తర్వాతి రోజుల్లో పదవులూ చూశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ను బహ్రైన్‌కు గవర్నరుగా పంపారు. డబ్బు విషయంలో లెక్క అడిగినప్పుడు చెప్పారు. మళ్లీ పదవి ఇస్తానంటే వద్దన్నారు. మర్వాన్ కాలంలో మదీనాలో ఆయన స్థానంలో పాలన చూస్తూ కూడా కట్టెల మోపు వీపున వేసుకుని బజారులో నడిచేవారు. అమీరుకు దారి ఇవ్వండని తామే నవ్వుతూ హెచ్చరించేవారు. ఒకప్పుడు బుస్రా బిన్తె గజ్వాన్ ఇంట కూటికి కూలి చేశారు. అల్లాహ్ తలచి ఆమెతోనే నికాహ్ అయింది. రాత్రిని మూడు భాగాలు చేసి ఆయన, భార్య, సేవకుడు వంతులవారీగా లేచి నమాజు చేసేవారు. ఆ ఇంట రాత్రంతా ఎవరో ఒకరు అల్లాహ్ ముందు నిలబడి ఉండేవారన్నమాట.

చివరి జబ్బులో ఏడ్చారు. ఎందుకని అడిగితే లోకం విడుస్తున్నందుకు కాదనీ, ప్రయాణం దూరం, దారిబత్తెం తక్కువ అనీ చెప్పారు. హిజ్రీ 57, 59ల మధ్య, సుమారు 78వ ఏట మదీనా ప్రాంతంలో కన్నుమూశారు. అప్పటి మదీనా గవర్నరు వలీద్ బిన్ ఉత్బా జనాజా నమాజు చేయించారు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.