ఫిబ్రవరి 11: గీత పాడిన ఘంటసాల.. ఆ రికార్డు విడుదల చూడకుండానే వెళ్లిపోయారు

సరిగ్గా ఇదే రోజు.. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల వెంకటేశ్వరరావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లే.

1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. పిల్లాణ్ని భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకెళ్లేవారు. ఘంటసాల చిన్నతనంలోనే ఆయన పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక.

చేతిలో డబ్బుల్లేవు. అయినా విజయనగరం వెళ్లిపోయారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తాల్సిందే! చదువు అయ్యాక 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకూ వెళ్లొచ్చారు.

సినిమాల్లోకి వచ్చాక సంగతి అందరికీ తెలిసిందే. పాతాళ భైరవి, మాయాబజార్‌లకు సంగీతం ఆయనదే. దేవదాసులో అక్కినేనికి పాడిందీ ఆయనే. అన్నట్టు.. ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, ఏఎన్నార్‌ది రామాపురం. రెండూ గుడివాడ చుట్టుపక్కలవే. తెర మీద ఆ ఇద్దరికీ గొంతు ఇచ్చింది కూడా ఆ పక్క ఊరి మనిషే!

1970లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత ఆరోగ్యం దెబ్బతిన్నా పట్టుబట్టి భగవద్గీత రికార్డు చేశారు. అది జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. ఇప్పటికీ మన ఊళ్లలో మైకులో ఆ గీత మొదలైతే చాలు.. ఎవరు పోయారని జనం బయటికొచ్చి అడుగుతారు.